మిస్ గిడస, వయసు 3, స్త్రీ

ముందే చెప్పేస్తున్నాను, ఎవరైనా ఆఫీసులో టిఫిను ముందు పెట్టుకుని చదువుతుంటే ఆ ఇడ్లీలు పూర్తి చేసుకుని రండి. ఇది ఉచ్చ గురించి, పెంట గురించి. మధ్యలో పేడ కూడా వస్తుంది. నేను చేసిన ఒక వెధవపని గురించి కూడా. అసలు రాయాలనుకున్నది అదే, మిగతావి దాని చుట్టూ ఉన్నవి.

గిడస మా కుక్క. మా అంటే తాడేపల్లిగూడెంలో అమ్మానాన్నలది. జాతికుక్క కాదు. మా మావయ్యది కైకలూరు దాటాక కొల్లేటి ఒడ్డున లంక ఊరు. అక్కడ గట్టు మీద దొరికిన పిల్లని నాన్న చేపలసంచీలో వేసుకుని బస్సులో తెచ్చేశారు. నల్లగా, సన్నగా, పట్టుకుంటే చేతిలోంచి జారిపోయేదట. అచ్చం మట్టగిడసలా ఉందని ఆ పేరు. పక్కింటివాళ్ళ ల్యాబ్రడార్ పేరు ఏంజెల్. వీధిలో "ఏంజెల్" అనే పిలుపు తర్వాత "ఒసే గిడసా" అని మా నాన్న కేక వినిపిస్తుంది. మా ఆవిడకి ఇప్పటికీ సిగ్గే.

2023 జూలై ఆఖర్లో నేను వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని గూడెంలో ఉన్నాను. గుర్తుండే ఉంటుంది, ఆ వారమంతా ఒకటే వానలు. గోదావరికి వరద. వీధిలో మోకాలిలోతు నీళ్ళు లేవుగానీ పెరడంతా బురద. గిడస అన్నం మానేసింది. మొదట ఎవరం పట్టించుకోలేదు, ముసురుకి మనకే తినబుద్ధి కావడంలేదు కదా అనుకున్నాం. తర్వాత రెండుసార్లు కక్కింది. నీళ్ళు మాత్రం తెగ తాగుతోంది, తాగినవన్నీ పోసేస్తోంది. గురువారం పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు చూసి, వాంతులకి ఇంజక్షన్ ఇచ్చి, "రేపు పొద్దున్న యూరిన్, మోషన్ శాంపిల్స్ తీసుకెళ్ళి టెస్టు చేయించండి, దాన్నిబట్టి చూద్దాం" అన్నారు.

ఎలా పట్టాలో ఆయన చెప్పారో లేదో నాకు గుర్తులేదు. చెప్పే ఉంటారు. నేను ఫోన్లో స్టాండప్ కాల్‌లో ఉన్నాను. ఇంటికొచ్చాక నాన్న "ఎలారా పట్టడం?" అంటే, "ఏముంది నాన్నా, పోస్తున్నప్పుడు కింద గిన్నె పెట్టడమే" అన్నాను. కోడు రాయని మేనేజరు ఎస్టిమేట్ ఇచ్చినట్టు.

శుక్రవారం పొద్దున్న ఆరింటికి మా ఇంట్లో జరిగినది చూసి తీరాలి. మగకుక్క అయితే కాలెత్తుతుంది, కనీసం మనకొక నోటీసు, చెయ్యి దూరడానికి సందు ఉంటాయి. ఆడకుక్క నేలకి జానెడు ఎత్తులో కూర్చుంటుంది. నాన్న సాంబారు గరిటె పట్టుకుని వెనకాల గొంతుక్కూర్చోవడం, గరిటె తగలగానే అది లేచిపోయి నాలుగడుగులు వేసి ఆయన వైపు తిరిగి చూడడం. డెబ్భై ఏళ్ళ రిటైర్డ్ లెక్కల మాస్టారు, లుంగీ ఎగ్గట్టుకుని, వానలో, గరిటెతో. "సిగ్గుపడకే" అని బతిమాలుతున్నారు. అరగంటకి పట్టారు. అమ్మ అప్పుడే వంటింట్లోంచి "ఏవండీ, గరిటె కనబడ్డంలేదు" అంది.

పట్టినదాన్ని పొయ్యడానికి సీసా కావాలి కదా. పెరటి అరుగు మీద కడిగి బోర్లించిన సీసా ఒకటుంటే దాంట్లో పోశారు. పెంట సంగతి ఇంకా తేలిక. పెరట్లో బురదలో రాత్రెప్పుడో పోయినది ఉంటే ప్లాస్టిక్ చెంచాతో తీసి ఇంకో డబ్బాలో వేశారు. రెండూ ఫ్రిజ్ పైన పెట్టారు. ఫ్రిజ్‌లో పెడదామంటే అమ్మ ఒప్పుకుంటుందా? నేను కాల్స్ అన్నీ అయ్యాక, పదకొండున్నరకి తీసుకెళ్ళి ల్యాబులో ఇచ్చాను. అంటే పట్టిన ఐదు గంటలకి.

మన చిన్న ఊళ్ళలో కుక్కకైనా మనిషికైనా ల్యాబు ఒకటే. కౌంటర్లో కుర్రాడు "పేషంట్ పేరండి?" అన్నాడు. చెప్పాను. "వయసండి?" మూడు. సాయంత్రం రిపోర్టు వచ్చింది: మిస్ గిడస, వయసు 3, స్త్రీ. సూచించినవారు: సెల్ఫ్. అది నేను ఫొటో తీసి మా కాలేజీ గ్రూపులో పెట్టాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రిపోర్టులో షుగర్ రెండు ప్లస్సులు, ప్రొటీన్ ఒక ప్లస్ అని ఉంది. మోషన్‌లో పురుగు లార్వాలు.

ఇక్కడ నా తెలివి మొదలైంది.

షుగరా? నాన్న పదేళ్ళ నుంచి షుగర్ పేషంటు, ఇంట్లో గ్లూకోమీటరు ఉంది. గిడస చెవి అంచున పొడిచి చూస్తే 96. రక్తంలో లేని షుగర్ ఉచ్చలో ఎక్కణ్ణించి వస్తుంది? అప్పుడు అడిగాను, "నాన్నా, ఆ సీసా దేనిది?" అని. తేనె సీసా. దొరికింది! రూట్ కాజ్! తేనె అంటే గ్లూకోజే కదా, అడుగున ఎంత అంటుకున్నా ఆ కాగితం పుల్ల పట్టేస్తుంది. కొంచెం గూగుల్ చేస్తే నాకు బలం చేకూర్చే సంగతులే దొరికాయి: తీపి సీసాలే కాదు, బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో కడిగిన డబ్బాలు కూడా ఆ పుల్లల్ని మోసం చేస్తాయి, లేని షుగర్‌నీ లేని రక్తాన్నీ చూపిస్తాయి. గంటల తరబడి బయట ఉంటే ఉచ్చలో బాక్టీరియా పెరుగుతుంది, కణాలు పగిలిపోతాయి, ఆమ్లత్వం మారిపోతుంది. నేల మీద నుంచి తీసిన పెంటలోకి మట్టిలో బతికే పురుగులు ఎక్కుతాయి, అవి కుక్క కడుపులోవే అనుకుని మనం మందులేస్తాం. ఇన్ని చదివాక నాకు కలిగిన జ్ఞానం ఏమిటంటే, ఈ రిపోర్టు మొత్తం చెత్త. టెస్ట్ డేటా తప్పు. ఫాల్స్ పాజిటివ్, క్లోజ్డ్.

డాక్టరుగారికి ఫోన్ చేసి "సార్, అది తేనె సీసా పొరపాటండి, షుగర్ ఏమీ లేదు" అని ధీమాగా చెప్పాను. ఆయన "అలాగా, అయితే రేపు మంచి డబ్బాలో మళ్ళీ పట్టి చేయించండి" అన్నారు. నేను అలాగే అన్నాను.

చేయించలేదు. ఆ శనాదివారాల్లో మాకు ప్రొడక్షన్ రిలీజు. మీకు చెప్పక్కర్లేదు. శనివారం రాత్రి రెండింటికి ఏదో సర్వీసు లేవకపోతే, కిందా మీదా పడి లాగ్స్ వెతుకుతున్నాను. పక్కన గది గుమ్మంలో గిడస పడుకుని ఉంది. లేచి వెళ్ళి బకెట్లో నీళ్ళు తాగి వచ్చేది, మళ్ళీ లేచేది. నాకు ఆ చప్పుడు గుర్తుంది. విన్నాను, అంతే. ఆదివారం నాన్న "మళ్ళీ పట్టమన్నారు కదరా" అంటే "రేపు చూద్దాం నాన్నా, అది ఊరికే వచ్చిందే" అన్నాను. ఊరికే వచ్చిందే. ప్రొడక్షన్లో ఎవరైనా ఆ మాటంటే నేనే ఊరుకోను. రిపోర్టు తప్పుడు సీసాతో వచ్చిందంటే మనకి తెలిసింది ఏమిటి? ఆ టెస్టు జరగలేదని. కుక్కకి ఏమీ లేదని కాదు కదా. ఇంటర్వ్యూల్లో కుర్రాళ్ళని సరిగ్గా ఈ ప్రశ్నే అడుగుతాను నేను.

సోమవారం పొద్దున్న అమ్మ దాని మూతి కడుగుతూ "చిగుళ్ళు పసుపుగా ఉన్నాయేంట్రా" అంది.

గూడెం డాక్టరుగారు చూడగానే ఆలస్యం చెయ్యకుండా గన్నవరం తీసుకెళ్ళమన్నారు. తెలియనివాళ్ళకి, గన్నవరంలో ఎయిర్‌పోర్టు ఒక్కటే కాదు, ఎన్టీఆర్ పశువైద్య కళాశాల కూడా ఉంది, శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళది. బయల్దేరేముందు మళ్ళీ శాంపిల్ పట్టించారు, ఈసారి ఆయన చెప్పినట్టు. మెడికల్ షాపులో దొరికే సీలు తియ్యని డబ్బా. గరిటె కాదు, అంచున్న పల్చటి పళ్ళెం, వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టినది. ముందు కాస్త పోనిచ్చి మధ్యధార పట్టాలి. వెంటనే మూత పెట్టి, పేరు, తారీకు, టైము రాయాలి. అరగంట గంటలో ల్యాబుకి చేరకపోతే చల్లగా ఉంచాలి, గడ్డ కట్టనివ్వకూడదు. ఐసు ముక్కల మీద గుడ్డ, గుడ్డ మీద డబ్బా. అమ్మే తన టిఫిన్ క్యారేజీ ఇచ్చింది. శుక్రవారం ఫ్రిజ్‌లో పెట్టనివ్వని మనిషి.

గూడెం నుంచి ఏలూరు దాదాపు యాభై కిలోమీటర్లు, అక్కణ్ణించి గన్నవరం ఇంకో నలభై. ఏలూరులో మావయ్య ఎక్కాడు. పెదఎడ్లగాడి దగ్గర నీళ్ళు రోడ్డెక్కితే కైకలూరు దారి మూసేస్తారు, ఆ రోజు ఇంకా ఎక్కలేదు. మోటారు సైకిలు ఎవరింట్లోనో పెట్టి, చేతిలో బాదం ఆకుల పొట్లాలు మూడు పట్టుకుని నిలబడ్డాడు. "ఏంటి మావయ్యా అవి?" అంటే "పేడ్రా. ఎలాగూ వెళ్తున్నావు కదా, మన గేదెలవి కూడా చూపించేద్దాం" అన్నాడు. కారులో ముందు సీట్లో మిస్ గిడస యూరిన్, వెనక సీట్లో మావయ్య పేడ, మధ్యలో నాన్న ఒళ్ళో గిడస. కిటికీ తెరుద్దామంటే వాన.

దారిలో మావయ్య చెప్పినదాంట్లో సగం నాకు అప్పుడు ఎక్కలేదు, తర్వాత అడిగి తెలుసుకున్నాను. కొల్లేటి ఊళ్ళలో గేదెలకి జలగల గొడవ ఏటా ఉండేదే. రక్తం తాగే జలగ కాదు, కడుపులో ఉండేది. కార్జంలో చేరేది ఒకటి, పొట్టలో చేరేది ఇంకొకటి. రెంటికీ నత్తలే ఇల్లు. నత్తలోంచి బయటికొచ్చి నీటి ఒడ్డున గడ్డికి అంటుకుంటాయి, ఆ గడ్డి మేసిన గేదె పారుకుంటుంది, చిక్కిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది. కొల్లేరు అంటేనే నీళ్ళూ నత్తలూ గడ్డీ కదా. 1999లో అభయారణ్యం అని ప్రకటించారు, 2002లో రామ్‌సర్ ఒప్పందం కిందికి తెచ్చారు, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. వీటన్నిటి మీదా మావయ్యకి చాలా అభిప్రాయాలున్నాయి, అవి ఇక్కడ రాస్తే మూడు రోజులు పడుతుంది. నత్తకి మాత్రం ఏ జీవో వర్తించదు అంటాడు.

పేడ శాంపిల్ విషయంలో మావయ్య నాకంటే వెయ్యి రెట్లు నయం. మూడు గేదెలకి మూడు పొట్లాలు, వేరువేరు దారాలు: ఎర్రది పెద్ద గేదె, తెల్లది పడ్డ, కొబ్బరిపీచు ముసలిది. నేలకి తగిలిన పేడ తీసుకోడు, పైనుంచి నడిమధ్యది తీస్తాడు. లేదా కవరు చేతికి తొడుక్కుని వేసేటప్పుడే పడతాడు. "కొట్టంలో కలిపి ఊడ్చిన పేడ పట్టుకెళ్తే ఎవరి రోగం ఎవరికని చెప్తార్రా?" అన్నాడు. యూనిక్ ఐడీ లేకుండా లాగ్ రాసేవాళ్ళకి ఈ మాట ఫ్రేము కట్టించి ఇవ్వాలనిపించింది. ఇంకోటి కూడా చెప్పాడు, ఒకసారి చూసి గుడ్లు లేవంటే లేవని కాదట, రోజూ పెట్టవు, రెండు మూడు రోజులు వరసగా చూపించాలట. మామూలు పురుగుల గుడ్లు తేలిక, ఉప్పునీళ్ళలో వేస్తే పైకి తేల్తాయి. జలగ గుడ్లు బరువు, అడుక్కి దిగుతాయి. పైన మాత్రమే చూసిన ల్యాబువాడు ఏమీ లేదంటాడు. ఆ ముక్క ఆ ఊరి పశువుల కాంపౌండరు ఎప్పుడో చెప్పాడట.

గన్నవరంలో డాక్టరమ్మ వయసు ముప్ఫై లోపే ఉంటుంది. గిడసని బల్ల మీద పడుకోబెట్టి చిగుళ్ళు చూసింది, కళ్ళు చూసింది, నడుము మీద నొక్కితే అది మూలిగింది. యూరిన్ డబ్బా తీసుకుంది. ఆ తర్వాత స్కానింగ్‌లో చూసుకుంటూ పొట్టలోంచి సన్నటి సూదితో నేరుగా ఇంకో శాంపిల్ తీసింది. బయటి మురికేదీ కలవకుండా పట్టాలంటే అదే పద్ధతట. రక్తం తీసింది. నేను మధ్యలో "యాంటీబయాటిక్ ముందు వేసేస్తే మంచిది కదండీ" అని సలహా ఇచ్చాను. "ముందు శాంపిల్, తర్వాత మందు. మందు పడ్డాక తీస్తే ఉన్న క్రిమి కూడా కనబడకుండా పోతుంది" అంది, నా వైపు చూడకుండానే.

సీలు డబ్బాలోదానిలోనూ షుగర్ ఉంది. సూదితో తీసినదానిలోనూ ఉంది. రక్తంలో మామూలుగానే ఉంది.

నేను తేనె సీసా కథ చెప్పాను. ఆవిడ విని, ఒక కాగితం మీద గీసి చూపించింది. రక్తంలో ఉన్న గ్లూకోజుని కిడ్నీ ముందు వడగట్టేస్తుందట, తర్వాత సన్నటి గొట్టాల్లో మళ్ళీ వెనక్కి లాగేసుకుంటుందట. కుక్కకి రక్తంలో షుగర్ 180 దాటితేగానీ ఆ గొట్టాలు చేతులెత్తెయ్యవు. రక్తంలో తొంభై చిల్లర ఉండి కూడా ఉచ్చలో పడుతోందంటే గొట్టాలే దెబ్బతిన్నాయని. "రక్తంలో లేదు కాబట్టి సీసాదే తప్పు అనుకున్నారు మీరు. మాకైతే రక్తంలో లేకపోవడమే భయం" అంది. "మరి తేనె?" అన్నాను, ఇంకా వదలకుండా. "తేనే ఉండి ఉండొచ్చు, కిడ్నీ కూడా పాడై ఉండొచ్చు. ఒకటి ఉంటే రెండోది ఉండకూడదని ఏముందండీ?"

నాకు నోట మాట రాలేదు. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని ఇదే. ఒక బగ్గు దొరగ్గానే వెతకడం ఆపెయ్యకండ్రా అని జూనియర్లకి చెప్పే పని.

క్రియాటినిన్ బాగా పెరిగి ఉంది, లివరు కూడా తేడాగా ఉంది. వానలు, ఎలకలు, పసుపు చిగుళ్ళు, కిడ్నీ, అన్నీ కలిపి లెప్టోస్పైరోసిస్ అని అనుమానించింది ఆవిడ. మన పేపర్లవాళ్ళు ఎలుక జ్వరం అంటారు. ఎలక ఉచ్చలో ఉండే క్రిమి, తడి మట్టిలో, నిలవనీళ్ళలో వారాల తరబడి బతుకుతుంది, ఎండితే చస్తుంది. మన వరిపొలాల గురించి మీకు తెలుసు కదా, ఎలకబుట్టలు పెట్టడానికే మనుషులుంటారు. పొలం మునిగితే ఎలకలు గట్లెక్కుతాయి, గట్టు మునిగితే ఇళ్ళలోకొస్తాయి. "టీకాలన్నీ వేయించామండీ" అన్నారు నాన్న. జూలై 6న, పాశ్చర్ 1885లో మొదటి రేబిస్ టీకా వేసిన రోజు, పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు కదా, అది. మాస్టారు కాబట్టి ఆ తారీకు ఆయనకి కంఠతా. అది రేబిస్‌కి. దీనికి వేరే టీకా ఉంటుందని, ఏటా వేయించాలని మా ఇంట్లో ఎవరికీ తెలీదు. పక్కింటి ఏంజెల్‌కి వేయించారట. బట్టతొడుగులు చూసి నవ్వుకునేవాళ్ళం దాన్ని.

ఫలితం ఖాయం కావాలంటే రెండు మూడు వారాల తేడాతో రెండుసార్లు రక్తం తీసి పోల్చాలి, అప్పటిదాకా ఆగితే కుక్క ఉండదు, అందుకని వైద్యం ఇప్పుడే మొదలెడతాం అంది. అని, చేతి తొడుగులు విప్పుతూ, "ఇంట్లో యూరిన్ ఎవరు పడుతున్నారు?" అని అడిగింది.

"నేనేనమ్మా" అన్నారు నాన్న.

"గ్లవ్స్ వేసుకున్నారా?"

నాన్న నా వైపు చూశారు. ఏముంది నాన్నా, కింద గిన్నె పెట్టడమే.

రోజూ గ్లూకోమీటరు కోసం పొడుచుకునే వేళ్ళవి. పది వేళ్ళ చివర్లా చిన్న చిన్న నల్ల చుక్కలు. ఆ క్రిమికి అంత దారి చాలట. శుక్రవారం అరగంట పాటు ఒట్టి చేత్తో, వానలో, గరిటెలోంచి సీసాలోకి. తర్వాత ఆ సీసాని మా ల్యాబు కుర్రాడి చేతిలో నేను పెట్టాను, కవరు కూడా లేకుండా. గిడస పోసిన చోటల్లా అమ్మ చీపురుతో నీళ్ళు కొట్టి కడిగింది. ఆవిడ మనుషుల డాక్టరుకి చూపించుకోమంది, నెల రోజులు జ్వరం కనిపెట్టుకుని ఉండమంది, ఎక్కువమందికి రెండు వారాల్లోపే బయటపడుతుంది అంది. నేను ల్యాబుకి ఫోన్ చేసి ఆ కుర్రాడికి చెప్పాను. "పర్లేదండి, నేను గ్లవ్స్ వేసుకున్నానండి, మాకది రోజూ ఉండేదేనండి" అన్నాడు. వాడు నయం.

తిరుగుదారిలో ఏలూరులో ఆగాం. ఏలూరువాళ్ళకి శాంపిల్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరులో ఊళ్ళో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోతుంటే, ఆరువందల మంది దాకా ఆసుపత్రి పాలయ్యారు. హైదరాబాదు నుంచీ ఢిల్లీ నుంచీ బృందాలు దిగి రక్తం, నీళ్ళు, పాలు, కూరగాయలు అన్నీ డబ్బాల్లో పట్టుకెళ్ళారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ వాళ్ళు చెప్పారు. అప్పుడు హైదరాబాదులో కూర్చుని "ఇన్ని శాంపిల్స్ తీశారు, ఒక్క ముక్కలో చెప్పలేరా" అని విసుక్కున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నాన్నని చూసిన డాక్టరుగారు రక్తం తీయించి, డాక్సీసైక్లిన్ రాసి, యూరిన్ కూడా ఇవ్వమన్నారు. నర్సు డబ్బా ఇస్తే నాన్న "మధ్యధార కదమ్మా? మూత లోపల వేలు పెట్టకూడదు కదా?" అని అడిగారు. ఆ అమ్మాయి "మీరు డాక్టరాండి?" అంది. ఆ రోజు మేం నవ్వింది అదొక్కసారే.

గిడసకి మొదటి రెండు రోజులు గన్నవరంలోనే సెలైన్ ఎక్కించారు, తర్వాత గూడెంలో మా డాక్టరుగారే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇక్కడ నాన్న డైరీ గురించి చెప్పాలి. ఎల్ఐసీ వాళ్ళిచ్చిన పాత డైరీలో గురువారం నుంచీ ఆయన గిడస లెక్కలు రాస్తున్నారు, నాకు చెప్పకుండా. ఎన్ని గ్లాసులు నీళ్ళు పోశారు, ఎన్నిసార్లు పోసింది, రంగు ఏమిటి. శనివారం పేజీలో: నీళ్ళు 11 గ్లాసులు. గ్లాసు 200 మిల్లీలీటర్లు, కొలిచి చూశాను, అని పక్కన. రెండు లీటర్ల పైన. గిడస బరువు 14 కిలోలు. కిలోకి వంద మిల్లీలీటర్లు దాటి తాగుతోందంటే ఏదో ఉన్నట్టేనట, డాక్టరమ్మ ఆ పేజీని ఫొటో తీసుకుంది. "రిపోర్టు కంటే ఇది నాకు ఎక్కువ పనికొచ్చిందండీ మాస్టారూ" అంది. శనివారం రాత్రి నేను పక్క గదిలో సర్వర్ల లాగులు చూస్తున్నాను. ఈ లాగు వరండాలో టేబుల్ మీద ఉంది.

తర్వాతి ముప్ఫై రోజులూ అదే డైరీలో తన టెంపరేచరు రాసుకున్నారు. నేను హైదరాబాదు వెళ్ళలేదు, సెలవు పొడిగించాను. వరండా, పెరడు బ్లీచింగ్ నీళ్ళతో కడగడం నా డ్యూటీ, గ్లవ్స్‌తో. తొమ్మిదో రోజు రాత్రి నాన్నకి 100 వచ్చింది. అమ్మకి చెప్పకుండా ఇద్దరం వరండాలో కూర్చున్నాం. "అది చేపలసంచీలో ఎలా ఉందనుకున్నావు, ఇంతే" అని చెయ్యి చూపించారు. తెల్లారేసరికి జలుబు దిగింది, మళ్ళీ రక్తం ఇస్తే ఏమీ లేదన్నారు. ఆ రాత్రి నేనేమన్నా అన్నానా, సారీ చెప్పానా అంటే, లేదు. మన ఇళ్ళలో నాన్నలకి సారీ చెప్పే అలవాటు లేదు కదా.

మూడు వారాలకి గిడస రెండో రక్తం ఫలితం వచ్చింది. లెప్టోనే. మావయ్య పొట్లాల్లో రెంటిలో జలగ గుడ్లున్నాయి, ముసలి గేదెకి ఏమీ లేదు. అది అంతేరా, దాని ముందు నత్తలు కూడా పనిచెయ్యవు అన్నాడు.

ఆ మూడు రోజులు ముందు వెళ్ళి ఉంటే కిడ్నీ పూర్తిగా నిలిచేదా అని డాక్టరమ్మని అడిగాను. ఆవిడ చెప్పలేమండీ అంది. రెండోసారి అడిగితే "చెప్పలేం అంటే నిజంగా చెప్పలేమనే" అంది. గిడస బతికింది. ఇప్పుడు మళ్ళీ వీధిలో ఏంజెల్‌తో గొడవలు పడుతోంది. కిడ్నీ మాత్రం మునుపటిలా లేదు, తిండిలో పథ్యం, నెలకోసారి యూరిన్, మూడు నెలలకోసారి రక్తం. ఏటా టీకా.

శాంపిల్ రోజున నాన్న దాన్ని ఊరి చివర, రెండో ప్రపంచయుద్ధం నాటి పాత రన్‌వే వైపు నడిపించుకెళ్తారు. అంత పొద్దున్నే వాకింగ్‌కి వచ్చేవాళ్ళందరికీ విషయం తెలుసు. చేతులకి నీలం గ్లవ్స్, జేబులో సీలు డబ్బా, పళ్ళెం వీపు వెనక దాచిపెట్టుకుని. ఎందుకంటే ఇప్పుడది పళ్ళెం చూస్తే ఎంతసేపైనా బిగబట్టేస్తోంది. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు నా వంతు వచ్చింది. నలభై నిమిషాలు నడిపించింది. ఇంటికొచ్చాక నాన్న డబ్బా చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూసి, "టైము వెయ్యలేదేంట్రా" అన్నారు.